32 మిల్లీమీటర్ల కన్నం: మా ఇంటి పిచ్చుక గూళ్ల డైరీ

జనవరి 9

నెల సరుకులకి విశాఖ పూర్ణా మార్కెట్‌కి వెళ్లాను. బియ్యం కొట్టు ముందు బస్తా మూతి విప్పి పెట్టి ఉంది. గుమస్తా తూకం వేస్తున్నాడు. కింద రాలిన నూకల్లో పిచ్చుకలు గెంతుతున్నాయి. సంచి చేత్తో పట్టుకునే నిలబడి లెక్కపెట్టాను, 17 ఉన్నాయి. తోపుడు బండి వచ్చినప్పుడల్లా అన్నీ ఒక్కసారి లేచి రేకుల షెడ్డు కిందకి పోతాయి, బండి దాటగానే మళ్లీ దిగుతాయి. మనుషుల కాళ్లకి రెండడుగుల దూరంలో బెదురు లేకుండా తింటున్నాయి.

ఇంటికొచ్చాక కూడా అదే ఆలోచన. పెదవాల్తేరులో మా మేడ మీదకి కాకులొస్తాయి, పావురాలొస్తాయి, గోరింకలొస్తాయి. పిచ్చుక మాత్రం ఎప్పుడు వాలిందో గుర్తు రాలేదు. వీధి చివర కిరాణా కొట్టు దగ్గర రోజూ ఉంటాయమ్మా అని మా చిన్నాడు చెప్పాడు. సాయంత్రం వెళ్లి చూస్తే నిజమే. మూడు మగవి, రెండు ఆడవి. అందులో ఒక జత కొట్టు షట్టర్ చుట్టుకునే డబ్బాలోకి గడ్డి మోస్తోంది. ఆ షట్టర్ రోజూ పైకీ కిందకీ తిరుగుతుంది. వేసిన పోచ వేసినట్టే రాలిపోతోంది. కొట్టాయన రోజూ పొద్దున్నే ఊడ్చి పారేస్తున్నానని చెప్పాడు.

అంటే మా వీధిలో పిట్టలున్నాయి, తిండి ఉంది, గుడ్లు పెట్టుకునే చోటే లేదు. పిచ్చుక కొమ్మల మీద గూడు కట్టడం తక్కువ. దానికి గోడలో కన్నం, పెంకుల సందు, చూరు లాంటివి కావాలి. మా వీధిలో ఇప్పుడున్నవన్నీ నున్నటి ప్లాస్టరింగ్ గోడలు, అద్దాల కిటికీలు, దోమల మెష్‌లు. వేసవి లోపల మా ఇంటికి మూడు గూటి పెట్టెలు తగిలించాలని నిర్ణయించుకున్నాను. ఏం చేశానో, ఏం జరిగిందో ఇందులో రాసుకుంటాను.

జనవరి 16, కనుమ

అత్తగారిది భీమిలి దగ్గర పల్లె. చిన్నప్పుడు వాళ్లుండేది తాటాకు చుట్టింట్లో. ‘మా సుట్టింటికి పిచికలు లేని సూరే లేదు’ అంటారు. పెళ్లయి పెంకుటింటికి వచ్చాక అక్కడా దేవుడి పటాల వెనక గూళ్లు. పటానికీ గోడకీ మధ్య వాలుగా ఉండే ఆ సందు వాటికి సరిగ్గా సరిపోయేదట. ఇంటికి ఫ్యాను వచ్చిన కొత్తలో రెక్క తగిలి ఒకటి చచ్చిపోతే, ఆ తర్వాత గూట్లో పిల్లలున్నన్నాళ్లూ మధ్యాహ్నం ఫ్యాను వేయనిచ్చేవారు కాదట మా మావగారు.

ఈ రోజు ఆవిడే వరి కంకుల కుచ్చు అల్లారు. ఊరి నుంచి చుట్టాలు తెచ్చిన కంకులు. ముందు కాడల మీద నీళ్లు చల్లి, తడిగుడ్డ కప్పి అరగంట ఉంచారు. ‘తడి లేకపోతే ఇరిగిపోతాది’ అన్నారు. తర్వాత నాలుగేసి కాడలు ఒక పాయగా తీసుకుని జడలా మూడు పాయలు అల్లడం మొదలుపెట్టారు. రెండు మలుపులకోసారి పక్క నుంచి కొత్త కంకిని కలుపుతారు, దాని గింజల తల బయటకి వేలాడుతుంది. అలా జానెడు పొడవు వచ్చాక వెనక్కి గుండ్రంగా వంచి పురికొసతో బిగించారు. కింద గింజలన్నీ గంటలా గుబురుగా వేలాడుతున్నాయి. నేనూ ఒకటి అల్లాను గానీ, కంకులు కలిపే చోట వదులైపోయి రెండు ఊడి వచ్చాయి. ఆవిడ అల్లినది ముందు వరండా చూరుకి కట్టాం. నాది మేడ మీద తీగకి.

జనవరి 30

కుచ్చుకి నాలుగో రోజునే పిచ్చుకలొచ్చాయి. మొదట ఒక ఆడది. మరుసటి రోజు నాలుగు. తలకిందులుగా వేలాడుతూ గింజ లాగి, ముక్కులో అటూ ఇటూ తిప్పి పొట్టు వదిలేసి తింటాయి. కింద నేలంతా ఊక. పనిమనిషి రోజూ ఊడుస్తోంది, విసుక్కోవడం లేదు, ఆగి చూస్తోంది.

ఈలోగా మా వీధి వడ్రంగి బాబాయి ప్యాకింగ్ చెక్కతో మూడు పెట్టెలు చేసి ఇచ్చాడు. కన్నం ఎంత పెట్టాలని అడిగితే ‘పిచ్చుక దూరేంత’ అని చెప్పాను. రెండంగుళాలు పెట్టాడు. ముందు చిన్న పుల్ల కూడా బిగించాడు, వాలడానికి. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. మేడమెట్ల పక్క గోడకి తగిలించాం, నిచ్చెన అవసరం లేకుండా చేతికి అందుతుందని.

ఫిబ్రవరి 11

మధ్యలో రెండు రోజులు అరకు వెళ్లొచ్చాం. గూళ్లకి సంబంధం లేకపోయినా రాసుకోవాలనిపించింది. దారిలో టీ తాగడానికి ఆగిన చోట పాక కప్పు మీద పిచ్చుకలున్నాయి. చూడగానే మన పిచ్చుకలే అనుకున్నాను. బైనాక్యులర్స్ పెట్టి చూస్తే తేడా తెలిసింది. నడినెత్తి అంతా చాక్లెట్ రంగు, తెల్లటి బుగ్గ మీద స్పష్టంగా ఒక నల్ల చుక్క. ఆడా మగా రెండూ ఒకేలా ఉన్నాయి. ఇది చెట్టుపిచ్చుక, వేరే జాతి. మన దేశంలో ఇది ప్రధానంగా హిమాలయాల వైపు, ఈశాన్య రాష్ట్రాల్లో ఉంటుంది. అక్కడి నుంచి ఎంతో దూరంగా, మన తూర్పు కనుమల్లో విడిగా ఒక గుంపు ఉండిపోయింది. విశాఖ కనుమల పక్షుల మీద మన విశాఖకే చెందిన పక్షి పరిశోధకుడు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు, అమెరికా పక్షి శాస్త్రవేత్తలు డిల్లన్ రిప్లీ, బ్రూస్ బీలర్‌లతో కలిసి 1980ల్లో రాసిన వ్యాసాలు పక్షులు చూసేవాళ్లు ఇప్పటికీ తిరగేస్తుంటారు.

1958లో చైనాలో ధాన్యం తినేస్తున్నాయని పల్లెపల్లెనా డప్పులు కొట్టి, వాలనివ్వకుండా తరిమి చంపింది ప్రధానంగా ఈ జాతినే. పిచ్చుకలు తగ్గాక పంటల మీద పురుగు పెరిగింది. 1960కి తప్పు తెలుసుకుని, చంపాల్సిన చీడల జాబితాలోంచి పిచ్చుకని తీసి నల్లిని పెట్టారు. గింజలు తినే పిట్ట అని మనం అనుకుంటాం గానీ, పిల్లల్ని పెంచేటప్పుడు దానికి కావలసింది పురుగు.

ఫిబ్రవరి 27

మెట్ల పక్క పెట్టెల్లో రెండింటిని గోరింకలు ఆక్రమించాయి. పొద్దున్నే ఒకటి కన్నంలోంచి తల బయటపెట్టి అరుస్తోంది. రెండోది ఎండుటాకులు, పాలిథిన్ ముక్కలు మోస్తోంది. మూడో పెట్టె దగ్గరకి మగ పిచ్చుక ఒకటి వచ్చి కన్నంలోకి తొంగి చూడగానే గోరింక పై నుంచి వచ్చి పడింది. పిచ్చుక మళ్లీ ఆ గోడ వైపు రాలేదు.

పైగా మధ్యాహ్నం పెట్టె మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. పడమటి గోడ. ఫిబ్రవరిలోనే ఇలా ఉంటే మేలో లోపలి గుడ్లు ఏమవుతాయి? ఈ రెండు తప్పులూ నావే. కొలత చెప్పలేదు, దిక్కు చూడలేదు. గోరింకలు ఉన్న రెండు పెట్టెలూ వాటికే వదిలేశాను. మొదలుపెట్టిన గూడు తీసేయడం న్యాయం కాదు. మూడోది విప్పేశాను.

మార్చి 4

ఈసారి కొలతలు కాగితం మీద గీసి తీసుకెళ్లాను. నాలా మొదలుపెట్టేవాళ్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

కన్నం 32 మిల్లీమీటర్లు. పది రూపాయల బిళ్ల 27 మిల్లీమీటర్లు, దానికంటే కాస్త పెద్దది అంతే. ఇందులోంచి పిచ్చుక హాయిగా దూరుతుంది, గోరింక దూరలేదు. బాబాయి దగ్గర ఆ సైజు హోల్ సా (చెక్కలో గుండ్రటి కన్నం కోసే రంపం) లేకపోతే హార్డ్‌వేర్ షాపులో కొని ఇచ్చాను. ఆయన చెక్క ముక్క మీద ఒక కన్నం వేసి, అందులో బొటనవేలు పెట్టి చూసి, ‘ఇందులో పిట్టెలా దూరతాదమ్మా, మరీ సిన్నది’ అన్నాడు. పిచ్చుక 30 గ్రాములు అటూ ఇటూ ఉంటుంది బాబాయ్, కనిపించేదంతా ఈకలే అన్నాను. తల ఊపాడు గానీ నమ్మినట్టు లేదు.

అడుగు ఆరంగుళాలు చదరం. ఎత్తు పదంగుళాలు. కన్నం అడుగు నుంచి ఏడంగుళాల పైన, పిల్లి చెయ్యి పెట్టినా, కాకి ముక్కు పెట్టినా లోపలున్న పిల్లలు అందకుండా. కన్నం ముందు పుల్ల వద్దు. పిచ్చుక నేరుగా కన్నం అంచు పట్టుకుని దూరగలదు, పుల్ల ఉంటే దాని మీద కూర్చునేది కాకీ గోరింకానే. అడుగున నీరు కారడానికి నాలుగు చిన్న బెజ్జాలు, పక్క చెక్కల్లో పైన గాలికి రెండేసి. మూత ముందుకి వాలుగా, రెండంగుళాలు బయటికి. వెనక చెక్కకి మడతబందు, ఏడాదికోసారి తెరిచి శుభ్రం చేయడానికి. లోపల చెక్కకి చిత్రిక పట్టొద్దని గట్టిగా చెప్పాను. గరుకుగా ఉంటేనే పిల్లలు గోళ్లతో పట్టుకుని కన్నం దాకా ఎక్కగలవు. లోపల రంగు, వార్నిష్ ఏవీ లేవు.

మేకులు మాత్రం మామూలువి వద్దన్నాను. సముద్రం ఇంత దగ్గర కదా, మా వాల్తేరు ఉప్పుగాలికి ఇనుప మేకు రెండు వానాకాలాలు నిలవదు. స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలు కొన్నాను. పెట్టెల ఖర్చులో వాటిదే పెద్ద వాటా.

చోటు కూడా మార్చాం. తూర్పు గోడ, కిటికీ పైన సన్‌షేడ్ కింద, నేల నుంచి పదకొండు అడుగులు. పొద్దున తొమ్మిదింటి దాకా ఎండ, తర్వాత నీడ. మూడు పెట్టెలూ మూరెడు దూరంలో పక్కపక్కనే. పిచ్చుక ఒంటరిగా బతికే పిట్ట కాదు, పక్కింటి సందడి ఉంటేనే దానికి ధైర్యం.

నిచ్చెన మీద ఉండగా ఎదురింటి మావయ్యగారు కింద నుంచి, ‘ఎందుకమ్మా శ్రమ, సెల్ టవర్ల వల్ల పిచ్చుకలు ఎప్పుడో పోయాయి’ అన్నారు. ఈ మాట అందరి నోటా వింటున్నదే. దేశంలోని పక్షుల పరిస్థితి మీద 2020లో వచ్చిన నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద పిచ్చుకలు పాతికేళ్లకు పైగా దాదాపు నిలకడగా ఉన్నాయి. పెద్ద నగరాల్లో మాత్రం తగ్గాయి, అందులో మన హైదరాబాదూ ఉంది. టవర్లే కారణం అనడానికి గట్టి ఆధారం లేదు. గూటికి చోటు తగ్గడం, పురుగు తగ్గడం, ఈ రెండూ మాత్రం మన కళ్ల ముందే ఉన్నాయి. కిందకి దిగి ఆయనకి అదే చెప్పాను. కిరాణా కొట్టు షట్టర్ దగ్గరకి తీసుకెళ్లి జతని కూడా చూపించాను. కాసేపు అక్కడే నిలబడి చూశారు.

మార్చి 20

ప్రపంచ పిచ్చుకల దినం. నాసిక్‌కి చెందిన మహమ్మద్ దిలావర్ మొదలుపెడితే 2010 నుంచి జరుగుతోంది. పొద్దున 6:40కి మధ్య పెట్టె మూత మీద మగ పిచ్చుక. అదే రోజు కావడం కాకతాళీయమే అయినా నాకెంత సంతోషమో చెప్పలేను.

దగ్గరగా చూశాను, కిటికీ లోపల నుంచి, ఆరడుగుల దూరం. నెత్తి బూడిద రంగు, దానికి రెండు పక్కలా కంటి వెనక నుంచి మెడ దాకా ముదురు గోధుమ రంగు. గొంతు కింద నల్ల మచ్చ రొమ్ము దాకా దిగింది. ఈ మచ్చ కొత్త ఈకలు వచ్చినప్పుడు ఇంత నల్లగా కనపడదు. ఈకల కొనలు తెల్లగా ఉండి దాన్ని కప్పేస్తాయి. ఆ కొనలు అరిగేకొద్దీ, సరిగ్గా జతకట్టే కాలానికి, నలుపు బయటపడుతుంది. ముక్కు కూడా అంతే, ఇప్పుడు నిగనిగలాడే నలుపు. ఆడదానికి ఈ హంగులేవీ లేవు, ఒళ్లంతా మట్టి రంగు, కంటి పైన లేత గీత.

ముందు చోటు చూసుకునేది మగదే. కన్నం దగ్గర కూర్చుని చిర్ చిర్ అని ఆపకుండా పిలుస్తుంది. ఈ రోజు 50 నిమిషాలు పిలిచింది. ఎవరూ రాలేదు.

మార్చి 29

వచ్చింది. ఆరు రోజుల క్రితం ఆడది పెట్టెలోకి దూరి, బయటకొచ్చి, మళ్లీ దూరింది. ఇప్పుడు రెండూ మోస్తున్నాయి. ఏమేం తెచ్చాయో కిటికీ దగ్గర కూర్చుని రాసుకున్నాను: ఎండు గడ్డి, చీపురు పుల్లల తుంపులు, కొబ్బరి పీచు, కోడి ఈకలు, పత్తి, ఒక కాగితం ముక్క. కోడి ఈకలు పక్క వీధి చికెన్ కొట్టు దగ్గర నుంచి. ఈక పట్టుకుని ఎగురుతుంటే గాలికి పక్కకి తోసుకుపోతుంది, అయినా వదలదు.

ఒక పొడవాటి నైలాన్ దారం కూడా తెచ్చింది. కన్నం బయట వేలాడుతుంటే నిచ్చెన వేసి లాగేశాను. అలాంటి దారాలు పిల్లల కాళ్లకి చుట్టుకుంటే అవి గూట్లోంచి బయటకి రాలేవు. మేడ మీద బట్టల తాడు అంచులు చీలికలైపోయి ఉన్నాయి, అక్కడి నుంచే తెచ్చి ఉంటుంది. తాడు మార్చాం. బదులుగా కొబ్బరి పీచు విడదీసి పూలకుండీ అంచున పెట్టాను. సాయంత్రానికి సగం ఖాళీ.

ఏప్రిల్ 8

ఆడది బయటకెళ్లగానే మూత కొంచెం ఎత్తి ఫోనుతో ఒకే ఒక ఫోటో తీసి దించేశాను. పది సెకన్ల పని. నాలుగు గుడ్లు. తెల్లటి పెంకు మీద బూడిద, గోధుమ రంగు చుక్కలు. రోజుకొకటి చొప్పున పెడుతుంది. పొదగడానికి 11 నుంచి 14 రోజులు. మగదీ లోపలికి వెళ్లి కూర్చుంటుంది గానీ, గుడ్డుకి వేడినిచ్చే ఈకల్లేని పొట్ట ఉండేది ఆడదానికే.

ఇక మూత ఎత్తను.

ఏప్రిల్ 21

నిన్న మధ్యాహ్నం కిటికీ కింద గుడ్డు పెంకు ముక్క దొరికింది. ఈ రోజు పొద్దున్నే లోపల నుంచి సన్నటి చప్పుడు. పిల్లలు పుట్టాయి.

6:30 నుంచి 7:30 దాకా లెక్కపెట్టాను. 14 సార్లు వచ్చాయి, ఆడది 9, మగది 5. ముక్కులో ఏముందో చూడటం కష్టం, కానీ ఆరుసార్లు స్పష్టంగా కనిపించింది. ఒక్కసారి చిన్న పచ్చ పురుగు. రెండుసార్లు ఏదో రెక్కల పురుగు. మూడుసార్లు తెల్లగా, మెత్తగా... అన్నం మెతుకు. ఎవరో మేడ మీద కాకులకి పెట్టిన అన్నం.

అది చూసిన దగ్గర్నుంచీ మనసు బాలేదు. గింజలూ మెతుకులూ పెద్దవాటికి సరిపోతాయి. ఈ వయసు పిల్లలకి పురుగులోని మాంసకృత్తులు, నీరు కావాలి. మొదటి వారమంతా వాటి తిండి ప్రధానంగా అదే. తల్లిదండ్రులు ఉన్నదే తెస్తున్నాయి. మరి మా మేడ మీద బెండ మొక్కలకి పది రోజుల కిందట పురుగుమందు కొట్టింది నేనే. ఆకులు చిల్లులు పడుతున్నాయని, షాపులో ఇచ్చిన సీసా కలిపి, మూడు కుండీల వరసలకీ కొట్టాను. ఇప్పుడు ఆ ఆకులు నున్నగా, నిండుగా ఉన్నాయి. ఆకు తిప్పి చూస్తే ఒక్క గుడ్డు, ఒక్క పురుగు లేదు.

ఏప్రిల్ 26

పొద్దున గోడ కింద ఒక పిల్ల పడి ఉంది. చనిపోయింది. కళ్లు విచ్చుకున్నాయి, రెక్కల మీద ఈక గొట్టాలు బయటకొస్తున్నాయి, ముక్కు అంచుల్లో పసుపు. పొట్ట లోపలికి పోయి ఉంది. మల్లె మొదట్లో పాతిపెట్టాం. చిన్నాడు చాలాసేపు మాట్లాడలేదు.

మందు వల్లే అని తేల్చి చెప్పలేను. నాలుగు పుడితే నాలుగూ బతకడం పిచ్చుకల్లో అరుదు. కానీ సీసాలో మిగిలింది తీసి పక్కన పెట్టేశాను, ఇక మా మేడ మీద వాడేది లేదు. సాయంత్రమే నాలుగు తొట్లలో బొబ్బర్లు నాటాను. కూరగాయలు పండించేవాళ్లకి బొబ్బరి అంటే పేనుబంక, అంటే రసం పీల్చే సన్నటి పురుగు, పట్టే మొక్క. నాకిప్పుడు కావలసింది ఆ పేనుబంకే.

మే 5

నిన్న ఒకటి, ఈ రోజు ఒకటి, రెండు పిల్లలు బయటకొచ్చాయి. మూడో దాన్ని ఈ పదిహేను రోజుల్లో ఒక్కసారీ చూడలేదు.

రెండో పిల్ల కన్నంలో గంటన్నర కూర్చుంది. తల్లి ఎదురుగా తీగ మీద ముక్కులో పురుగు పట్టుకుని, ఇవ్వకుండా చూపిస్తూ కూర్చుంది. చివరికి పిల్ల దూకినట్టుగా ఎగిరి, తీగ అందక, మల్లె పందిరి మీద పడింది. తండ్రి వెంటనే అక్కడికే వెళ్లి నోట్లో పెట్టాడు. బయటకొచ్చాక కూడా వారం పది రోజులు ఇలా పెట్టాల్సిందే. కింద వీధి పిల్లి తిరుగుతోందని అత్తగారు కర్ర పట్టుకుని రెండు గంటలు వరండాలోనే కూర్చున్నారు.

మే 18

ఉక్కపోత భరించలేకుండా ఉంది. మట్టి మూకుడులో రెండంగుళాల లోతు నీళ్లు, మధ్యలో ఒక గులకరాయి, నీడలో. రోజూ కడిగి మారుస్తున్నాను, నిలవ నీళ్లలో దోమలు పెడితే వీధి వాళ్లతో మాట రావచ్చు. పక్కన పాత తొట్టిలో జల్లించిన పొడి మట్టి. నీళ్ల స్నానం ఎంత ఇష్టమో వాటికి మట్టి స్నానమూ అంతే ఇష్టం. పొట్ట ఆనించి, రెక్కలతో మట్టి ఎగజిమ్ముకుని, గుండ్రంగా గుంట చేసుకుంటాయి. ఒంటి మీది పురుగూ జిడ్డూ పోవడానికి అది సబ్బు లాంటిది. పొద్దున లేచేసరికి తొట్టిలో అయిదు గుంటలున్నాయి, గిన్నె బోర్లించి అచ్చు తీసినట్టు.

చీకటి పడే ముందు అన్నీ మా గేటు పక్క కాగితం పూల పొదలోకి చేరుతున్నాయి. పావుగంట ఒకటే గోల, తర్వాత ఒక్కసారిగా నిశ్శబ్దం. ఇదివరకు ఆ మూల పెద్ద వేపచెట్టు ఉండేది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫానుకి వేళ్లతో సహా పడిపోయింది. ఆ తుఫానుకి ఒమన్ పెట్టిన పేరు కూడా ఒక పిట్టదే, తల మీద కుచ్చు ఉండే అందమైన పిట్ట. చెట్టు పోయిన చోట ఇన్నాళ్లూ సిమెంటు చేయించాలని అనుకుంటూ వచ్చాం. ఇప్పుడు వద్దని గోరింట కంచె వేస్తున్నాం, ముళ్లున్న గుబురు కావాలి వీటికి.

మధ్య పెట్టెలో మళ్లీ గుడ్లు పెట్టినట్టుంది, ఆడది ఎక్కువసేపు లోపలే ఉంటోంది. కుడి పక్క పెట్టెకి ఇంకో మగది కాపలా కాస్తోంది.

జూన్ 2

పిల్లలు పుట్టి నాలుగు రోజులు. బొబ్బరి తీగలు మోకాలెత్తు దాటాయి, లేత కొనలన్నీ నల్లగా పేనుబంకతో నిండిపోయాయి. ఆడ పిచ్చుక తీగ కొనని ముక్కుతో పట్టుకుని కింద నుంచి పైకి దువ్వినట్టు తీస్తుంది. నాలుగైదు సార్లు అలా దువ్వి, నోటి నిండా నల్లటి ముద్దతో గూటికి వెళ్తుంది. బెండ ఆకుల వెనక నుంచి పచ్చ పురుగులు, ఎక్కడి నుంచో ఒక చిన్న మిడత. మిడత కాళ్లు గోడకి కొట్టి విరిచి తీసుకెళ్లింది.

అదే సమయం, 6:30 నుంచి 7:30. 23 సార్లు. మెతుకు ఒక్కసారి.

బెండకాయలు ఈ నెల సగానికి సగం పుచ్చులే. అత్తగారు పుచ్చు భాగం కోసేసి మిగిలింది పులుసు పెట్టారు.

జూన్ 14

మూడు పిల్లలు ఎగిరాయి. వాన కూడా మొదలైంది. తడిసి ముద్దయిన ఒక పిల్ల కిటికీ చువ్వ మీద కూర్చుంటే, అద్దం ఇవతల చిన్నాడు ఊపిరి బిగపట్టి నిలబడ్డాడు. మొదటి విడత పిల్లలు వీటి పక్కనే తిరుగుతున్నాయి, ఇంకా ముక్కు అంచున పసుపు పూర్తిగా పోలేదు. ఈ రోజు మేడ మీద లెక్క: 11.

జూలై 6

పది రోజులుగా మధ్య పెట్టెలో అలికిడి లేదు, శుభ్రం చేశాను. ముక్కుకి గుడ్డ కట్టుకుని, తెరిచి, మొత్తం గూడుని కాగితం మీదకి దించాను. పొరలు పొరలుగా ఉంది. అడుగున చీపురు పుల్లలు, దాని మీద గడ్డి, పీచు, పై పొరంతా ఈకలు, పత్తి. మధ్యలో అరచేతి గుంట అంత మెత్తటి చోటు. ఈకల మధ్య పొదగని గుడ్డు ఒకటి, అత్తగారి పాత జాకెట్టు తాలూకు హుక్కు ఉన్న గుడ్డ పీలిక ఒకటి. ‘ఇది నాదే’ అని ఆవిడ వెంటనే గుర్తుపట్టారు. సన్నటి ఎర్ర పురుగులు పాకుతున్నాయి. గూడు పారేసి, పెట్టెని వేడినీళ్లతో కడిగి ఎండబెట్టాను. మందు, ఫినాయిల్ ఏమీ వాడలేదు. స్క్రూలకి ఎక్కడా తుప్పు లేదు. మూత మడతబందుకి మాత్రం పట్టింది, అక్టోబర్ గాలివానల లోపల మార్చాలి.

సాయంత్రం కిరాణా కొట్టాయన పిలిచి, షట్టర్ డబ్బాలో మళ్లీ మొదలుపెట్టాయమ్మా, రోజూ ఊడ్చలేకపోతున్నాను, మీ ఇంటి పెట్టె లాంటిది నాకూ ఒకటి చేయించి పెట్టండి, డబ్బులిస్తాను అన్నాడు. బాబాయికి చెప్పాను. ‘ఆ సిన్న కన్నందేనా?’ అని అడిగి, హోల్ సా తనే వెతికి తీసుకున్నాడు. రేపు పొద్దున కొట్టు తెరవకముందే బోర్డు పక్కన తగిలించాలి. అక్కడ తూర్పు లేదు, ఉత్తరం ఉంది. ఎండ పడదు, చాలు. ఎత్తు చూడటానికి మా నిచ్చెన ఈ రాత్రే అక్కడ పెట్టేసి వచ్చాం.